తరగతి గదిలో దొరికిన ప్రశ్నతోనే జపాన్‌కు బయలుదేరండి

ప్రశ్న: నా వయసు 28. మూడేళ్ల డిగ్రీ అయ్యాక జపనీస్ నేర్చుకుని జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్2 స్థాయి ప్యాసయ్యాను. అన్నిటికన్నా పై స్థాయి అయిన ఎన్1 రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాను. ఆ సర్టిఫికెట్ లేనిదే నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోరేమోనన్న దిగులు పట్టుకుంది. నాలుగేళ్లుగా ఒక శిక్షణ సంస్థలో తెలుగు విద్యార్థులకు ప్రాథమిక స్థాయి జపనీస్ నేర్పుతున్నాను. జపాన్‌లో ఎం.ఏ., పిహెచ్.డి. చేసి అక్కడి విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిగా స్థిరపడాలని నా కోరిక. జపనీయులే అంతమంది ఉండగా వాళ్ల భాషను వాళ్ల దేశంలో నేర్పడానికి నిన్నెందుకు తీసుకుంటారని ఇంట్లో అడుగుతున్నారు. నాకు జవాబు తోచడం లేదు. నేను భాషాబోధన తీసుకోవాలా, అనువర్తిత భాషాశాస్త్రం (అప్లైడ్ లింగ్విస్టిక్స్) తీసుకోవాలా? ఎన్1 లేకుండా దరఖాస్తు చేయవచ్చా? ఈ దారిలో ఉద్యోగ భద్రత ఎంత?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో ఎన్1 గురించి ఎంతో బెంగపడ్డారు, నాలుగేళ్ల బోధనను మాత్రం ఒక్క వాక్యంతో దాటేశారు. మీరు కోరుకునే రంగంలో ఈ రెండింటి విలువ సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. అందుకే ముందు ఎన్1 సంగతి తేల్చి, ఆ తరువాత మీ తరగతి గదిలోకి వెళ్దాం.

జేఎల్‌పీటీ 1984లో మొదలైంది, 2010లో ఇప్పటి ఐదు స్థాయిల రూపానికి మారింది. అందులో పదజాలం, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం, విని అర్థం చేసుకోవడం మాత్రమే పరీక్షిస్తారు. మాట్లాడే పరీక్ష గానీ, రాసే పరీక్ష గానీ లేదు. పరిశోధక విద్యార్థి రోజూ చేయవలసిన పనులు మాత్రం ఆ రెండే: సెమినార్‌లో నిలబడి తన వాదన చెప్పి ప్రశ్నలకు బదులివ్వడం, పరిశోధన వ్యాసాన్ని జపనీస్‌లో రాయడం. కాబట్టి ఎన్1 తప్పినంత మాత్రాన ఈ రంగానికి మీరు పనికిరారనుకోవడానికి వీల్లేదు, వచ్చినంత మాత్రాన పనికివస్తారనీ కాదు. అయినా ఆ పరీక్షను వదలవద్దు. ప్రవేశానికి ఎన్1 లేదా దానికి సమానమైన స్థాయిని షరతుగా పెట్టే విభాగాలు చాలానే ఉన్నాయి. పైగా వ్యాసాలు చదివే వేగం ఆ స్థాయికి చేరకపోతే మొదటి సంవత్సరమంతా నిఘంటువుతోనే గడిచిపోతుంది. జులైలోనూ డిసెంబరులోనూ పరీక్ష జరుగుతుంది కాబట్టి రాస్తూనే ఉండండి. ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాయడం, పరిశోధన ప్రణాళిక తయారు చేసుకోవడం మాత్రం దాని ఫలితం కోసం ఆపకండి.

భాషాబోధనా, అనువర్తిత భాషాశాస్త్రమా అన్న ప్రశ్నకు జపాన్‌లోనే ఒక చక్కని జవాబు ఉంది. టోక్యోలోని వసేద విశ్వవిద్యాలయం 2001లో ఒక పోస్ట్‌గ్రాడ్యుయేట్ విభాగం ప్రారంభించింది. దాని జపనీస్ పేరుకు అర్థం ‘జపనీస్ భాషాబోధన పరిశోధన విభాగం’. ఇంగ్లీషులో మాత్రం అదే విభాగానికి ‘జపనీస్ అనువర్తిత భాషాశాస్త్ర విభాగం’ అనే పేరు ఉంది. ఒకే గుమ్మానికి రెండు బోర్డులన్నమాట. అక్కడ ‘నిహోంగో క్యోఇకుగకు’, అంటే జపనీస్ భాషాబోధన శాస్త్రం, అనే మాటలో వ్యాకరణ పరిశోధన, రెండో భాష ఎలా అబ్బుతుందన్న అధ్యయనం, పరీక్షలు రూపొందించడం, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు బడిలో భాష నేర్పడం, ప్రభుత్వ భాషా విధానం అన్నీ ఇమిడిపోతాయి. కనుక విభాగం పేరు చూసి ఎంచుకోకండి. అక్కడి ప్రొఫెసర్ గత ఐదేళ్లలో రాసిన వ్యాసాలు చదివి ఎంచుకోండి.

ఇక ఇంట్లో అడిగే ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే, మీ ఇంటర్వ్యూలో కూడా ఎవరో ఒకరు మర్యాదగా అడిగి తీరుతారు. జపనీస్ బోధన చరిత్రలో దీనికి గట్టి సమాధానం ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎలనార్ జోర్డన్‌కు జపనీస్ మాతృభాష కాదు. అయినా ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అమెరికాలో జపనీస్ నేర్పే పద్ధతిని తీర్చిదిద్దిన వారిలో ఆమె ముందువరుసలో ఉంటారు. భాష సొంతమైన టీచరూ, విద్యార్థి మాతృభాష సొంతమైన టీచరూ ఒకే కోర్సులో వేర్వేరు పనులు చేయాలన్నది ఆమె దృక్పథం. మొదటివారు భాషను వాడి చూపిస్తారు. రెండోవారు విద్యార్థి ఎక్కడ ఎందుకు తడబడతాడో లోపలి నుంచి చూడగలరు. మీరు చేయగలిగింది ఆ రెండో పని, అది ఎంత మంచి జపనీస్ టీచరుకైనా తెలుగు రాకపోతే సాధ్యం కాదు.

నా తరగతిలో కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థి రాసిన వాక్యం ఇది: ‘హహ ని కస ఒ కత్తె ఒకిమషిత’. అమ్మకు గొడుగు కొనిపెట్టాను అని చెప్పడం అతని ఉద్దేశం. పదాలన్నీ సరైనవే, క్రియారూపాలూ సరైనవే. కానీ జపనీయులు చదివితే ఏదో అవసరం రాబోతోందని ముందుజాగ్రత్తగా గొడుగు కొని ఉంచినట్టు ఉంటుంది, ‘అమ్మకు’ అన్న మాట ఆ వాక్యంలో అతకదు. అక్కడ ఉండవలసింది ‘కత్తె అగెమషిత’. అతను ఎందుకు తప్పాడో జపనీస్ సహాధ్యాపకురాలికి అంతుబట్టలేదు, నాకు వెంటనే తెలిసింది. జపనీస్‌లో ‘ఒకు’ అంటే పెట్టడం, ఉంచడం. తెలుగులో కొని పక్కన పెట్టినా ‘కొని పెట్టాను’ అంటాం, ఒకరి కోసం కొన్నా ‘కొనిపెట్టాను’ అంటాం. ఒకే క్రియ మనకు రెండు పనులు చేస్తోంది, జపనీస్‌లో మాత్రం ‘ఒకు’ మొదటి పని చేసి ఊరుకుంటుంది, రెండో పనికి ‘ఇవ్వడం’ అనే అర్థమున్న ‘అగెరు’ రావాలి. ఆ విద్యార్థి నిర్లక్ష్యంగా రాయలేదు. తన భాషలో ఉన్న నియమాన్ని ఎంతో శ్రద్ధగా అక్కడికి మోసుకెళ్లాడు.

ఇందులో నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా తోచే సంగతి ఒకటి ఉంది. రెండు భాషల మధ్య తేడా ఉన్నచోటే కష్టం ఉంటుందని 1950లలో రాబర్ట్ లాడో తదితర భాషాశాస్త్రజ్ఞులు భావించారు. కానీ తెలుగు, జపనీస్ ఒకదాన్నొకటి బాగా పోలి ఉన్నచోటే ఈ తప్పు పుట్టింది. ‘తబెతె మిరు’ను ‘తిని చూడు’ అని మాటకు మాటగా చెప్పవచ్చు, ‘మిరు’ అంటే చూడడమే. ‘తబెతె షిమత్త’కు ‘తినేశాడు’ చాలావరకు సరిపోతుంది. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి నామం వెనుక చేరుతుంది, విశేషణ వాక్యం నామానికి ముందు నిలుస్తుంది. ఇన్ని పోలికలు చూసి మన విద్యార్థి ధీమాగా నడుస్తూ వెళ్లి, మెట్టు లేనిచోట కాలు పెడతాడు.

గౌరవ పదాల దగ్గరా ఇదే జరుగుతుంది. గౌరవం చూపే క్రియారూపాలు ఉండటం తెలుగువారికి కొత్త కాదు కాబట్టి ‘కేగో’ (గౌరవ భాష) పాఠం సులువుగానే మొదలవుతుంది. కానీ మనం బయటివారితో మాట్లాడేటప్పుడు కూడా ‘మా నాన్నగారు వచ్చారు’ అంటాం. జపనీస్‌లో బయటివారి ముందు సొంత తండ్రిని గౌరవ రూపంలో చెప్పకూడదు. ‘చిచి గ కిమషిత’ అని మామూలుగా చెప్పాలి. మన విద్యార్థి అదే చోట ‘ఒతోసన్ గ ఇరష్షయిమషిత’ అంటాడు. నియమం చెప్పగానే తల ఊపుతాడు, వ్యాకరణ పరీక్షలో సరిగ్గా రాస్తాడు, మాటల్లోకి వచ్చేసరికి మళ్లీ నాన్నను గౌరవిస్తాడు. తెలిసిన నియమం నోటికి ఎందుకు రాదు, ఎన్నాళ్లకు వస్తుంది, ఏ రకమైన అభ్యాసంతో వస్తుంది? ఇది ఒక ఎం.ఏ. థీసిస్‌కు సరిపోయే ప్రశ్న. దొరికిన విద్యార్థుల సంఖ్యను బట్టి పిహెచ్.డి.కి కూడా సరిపోవచ్చు.

తప్పును ఇలా చూడటమే ఈ శాస్త్రానికి పునాది. అభ్యాసకుడి తప్పులు అతను నేర్చుకుంటున్న తీరుకు సాక్ష్యాలని 1967లో పిట్ కార్డర్ వాదించారు. నేర్చుకుంటున్నవాడి భాషకు దాని సొంత పద్ధతి ఉంటుందని, అది మాతృభాషా కాదు, నేర్చుకునే భాషా కాదు, రెంటి నడుమ ఉన్న మరొక భాష అని 1972లో లారీ సెలింకర్ ప్రతిపాదించారు. జపనీస్ వ్యాకరణంలో తెరముర హిదెయో విదేశీ విద్యార్థుల తప్పులను ఓపికగా సేకరించి, ఆ తప్పుల వెలుగులో జపనీస్ వ్యాకరణాన్నే తిరిగి పరిశీలించారు. మీరు నాలుగేళ్లుగా ఎర్రసిరాతో దిద్ది తిరిగిచ్చేసిన కాగితాలను ఈ ముగ్గురిలో ఎవరు చూసినా జిరాక్సు తీసి ఉంచమనేవారు.

మీకు తెలియవలసిన మరో సంగతి, నా దృష్టిలో ఈ సమాధానంలోకెల్లా ముఖ్యమైనది. టోక్యో శివార్లలోని తచికవలో జాతీయ జపనీస్ భాషా పరిశోధన సంస్థ ఉంది, 1948లో ఏర్పడింది. ఆ సంస్థ తయారుచేసిన ఐ-జాస్ అనే కార్పస్‌లో (పరిశోధన కోసం పోగుచేసిన భాషా నమూనాల భండారంలో) 12 మాతృభాషలకు చెందిన 1000 మంది అభ్యాసకులు మాట్లాడిన, రాసిన జపనీస్ ఉంది. కెన్, మరి అనే ఇద్దరు పిక్నిక్‌కు సాండ్‌విచ్‌లు కట్టుకుంటే, కుక్క బుట్టలో దూరి తినేసిన బొమ్మల కథను అందరిచేతా చెప్పించారు. జపనీయులు తరచు కెన్, మరిల పక్షాన నిలబడి ‘ఇను ని తబెరరెతె షిమఇమషిత’ అని కర్మణిలో చెబుతారు. తెలుగు విద్యార్థి ‘కుక్క తినేసింది’ అనే కర్తరి వాక్యంతోనే మొదలుపెడతాడని మీరూ నేనూ ఊహించగలం, ఎందుకంటే మన భాషలో ‘కుక్కచేత తినబడింది’ అని ఎవరూ అనరు. కానీ ఊహను రుజువు చేసే సమాచారం ఆ కార్పస్‌లో దొరకదు. ఆ 12 భాషల్లో చైనీస్, కొరియన్, ఇంగ్లీష్, థాయ్, వియత్నామీస్, టర్కిష్, హంగేరియన్ ఉన్నాయి, తెలుగు లేదు, ఏ ద్రావిడ భాషా లేదు. అదే బొమ్మలను, అదే పద్ధతిలో, ముప్పై మంది తెలుగు అభ్యాసకులకు చూపించి మీరు సేకరించిన సమాచారాన్ని మిగతా పన్నెండు భాషలవారి పక్కన పెట్టి చూడవచ్చు. జపాన్‌లోని ప్రొఫెసర్‌కు మీ అవసరం ఎక్కడ ఉందో మీ ఇంట్లోవారికి చెప్పాలంటే ఇదే చెప్పండి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ పోలికలు చూసిన ఉత్సాహంలో చాలామంది ‘జపనీస్, ద్రావిడ భాషల పుట్టుక ఒకటే’ అనే అంశంతో ప్రణాళిక రాస్తారు. జపనీస్‌కూ తమిళానికీ సంబంధం ఉందని భాషావేత్త ఓనో సుసుము ఎన్నో ఏళ్లు వాదించిన మాట నిజమే, కానీ భాషాశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు దాన్ని అంగీకరించలేదు. భాషల నిర్మాణాలు పోలి ఉండటం వేరు, అవి ఒకే కుటుంబానికి చెందడం వేరు. మీ ప్రణాళికలో ఈ రెండూ కలగలిసిపోతే చదివే ప్రొఫెసర్ అక్కడే ఆగిపోతారు.

దరఖాస్తు సంగతికి వస్తే, జపాన్ విద్యా మంత్రిత్వ శాఖ ఇచ్చే మోన్‌బుకగకుషో స్కాలర్‌షిప్ మీ మొదటి ప్రయత్నం కావాలి. రీసెర్చ్ స్టూడెంట్ విభాగానికి 35 ఏళ్లు నిండనివారు అర్హులు. రాయబార కార్యాలయం సిఫారసుతో వెళ్లే దారి ఒకటి, విశ్వవిద్యాలయం సిఫారసుతో వెళ్లే దారి మరొకటి. ఫీజు ఉండదు, నెలకు సుమారు 1,43,000 యెన్లు భృతిగా వస్తుంది. సొంత ఖర్చుతో చేరితే జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక ఫీజే ఏడాదికి 5,35,800 యెన్లు, దానికి ప్రవేశ రుసుము 2,82,000 యెన్లు అదనం. మీది మూడేళ్ల డిగ్రీ కనుక ఒక విషయం ముందే కనుక్కోండి. జపాన్‌లో ఎం.ఏ. ప్రవేశానికి సాధారణంగా 16 ఏళ్ల విద్య అడుగుతారు, తక్కువైతే విశ్వవిద్యాలయం మీ అర్హతను విడిగా పరిశీలిస్తుంది. ఆ పరిశీలనకు గడువు దరఖాస్తు గడువు కంటే ముందే ముగుస్తుంది. తెలివైనవాళ్లు కూడా ఈ చిన్న సంగతి దగ్గర ఏడాది పోగొట్టుకున్నారు. అప్పు చేసి భాషా పాఠశాలలో చేరి, వారానికి 28 గంటల పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ ప్రవేశ పరీక్షకు చదవడమనే దారి కూడా చాలామంది పట్టేదే. ఎన్2తో, నాలుగేళ్ల బోధనానుభవంతో ఉన్న మీకు నేను దాన్ని సూచించను. ఆ పని అలసట చదువు మీదే పడుతుంది.

ఎం.ఏ.కు ముందు సన్నాహకంగా రీసెర్చ్ స్టూడెంట్‌గా ఆరు నెలలో ఏడాదో, ఎం.ఏ. రెండేళ్లు, పిహెచ్.డి. కాగితం మీద మూడేళ్లు. ఆ మూడు తరచు నాలుగో ఐదో అవుతుంది, ఎందుకంటే థీసిస్ సమర్పించే ముందు నిపుణుల పరిశీలన దాటిన వ్యాసాలు అచ్చయి ఉండాలని చాలా విభాగాలు అడుగుతాయి. అంటే మీకు 35, 36 ఏళ్లు వచ్చేసరికి మొదటి ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు. ఇది ఇంట్లో దాచకండి.

ఉద్యోగ భద్రత గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట దొరికేది దాదాపు అందరికీ ‘హిజోకిన్’, అంటే పార్ట్‌టైమ్ అధ్యాపక పనే. జీతం ‘కోమ’ల లెక్కన ఇస్తారు. కోమ అంటే సాధారణంగా 90 నిమిషాల ఒక క్లాసు. సొంత గది ఉండదు, పరిశోధన నిధి ఉండదు. సోమవారం ఒక విశ్వవిద్యాలయంలో, మంగళవారం మరో చోట, రైళ్లలోనే పేపర్లు దిద్దుకుంటూ ఏళ్లు గడిపినవారు నాకు తెలుసు, వారిలో కొందరు నాకంటే మంచి పరిశోధకులు. ఆ పై మెట్టు విదేశీ విద్యార్థుల కేంద్రాల్లో మూడు నుంచి ఐదేళ్ల కాలపరిమితి గల పోస్టులు. ఒప్పంద ఉద్యోగి మొత్తం ఐదేళ్లు దాటితే శాశ్వత ఒప్పందం కోరవచ్చనే నియమం 2013 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. కానీ విశ్వవిద్యాలయ పరిశోధకులకూ అధ్యాపకులకూ ప్రత్యేక చట్టం కింద ఆ గడువును పదేళ్లుగా పెట్టే వీలుంది. చేరేముందు ఒప్పందంలో ఎన్నిసార్లు పొడిగిస్తారో రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదవండి. శాశ్వత పోస్టులు ఉన్నాయి, విదేశీయులు వాటిలో పనిచేస్తున్నారు, పోటీ మాత్రం చాలా తీవ్రం. ప్రకటనలు ఎక్కువగా జేరెక్-ఇన్ అనే పోర్టల్‌లో వస్తాయి. ఇప్పటినుంచే వారానికోసారి చదవండి. ఏ అర్హతలు అడుగుతున్నారో ఇప్పుడు తెలిస్తే, ఏడేళ్ల తరువాత రెజ్యూమేలో ఖాళీలు ఉండవు.

రెండో ఆధారంగా ఒక సర్టిఫికెట్ ఉంచుకోమంటాను. కొత్త చట్టం ప్రకారం 2024 ఏప్రిల్ నుంచి జపాన్‌లో ‘నమోదిత జపనీస్ ఉపాధ్యాయులు’ అనే జాతీయ అర్హత వచ్చింది. దాని మొదటి పరీక్ష 2024 నవంబరులో జరిగింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన భాషా పాఠశాలల్లో పాఠం చెప్పడానికి ఇది ముఖ్యం. వయసు, చదువు, జాతీయత షరతులు లేవు. విశ్వవిద్యాలయ పోస్టుకు ఇది సాధారణంగా తప్పనిసరి కాదు, కానీ పిహెచ్.డి. నడుమ చేతిలో ఉంటే అద్దె కట్టుకోవడానికి గౌరవమైన పని దొరుకుతుంది. అలాగే జపాన్ మీదే దృష్టంతా నిలపకండి. జపనీస్ భాషను, సంస్కృతిని విదేశాల్లో ప్రచారం చేసే జపాన్ ఫౌండేషన్ 2021 సర్వే ప్రకారం జపాన్ వెలుపల 141 దేశాలు, ప్రాంతాల్లో అప్పటికి దాదాపు 38 లక్షల మంది జపనీస్ నేర్చుకుంటున్నారు, నేర్పేవారు 75 వేలలోపే. జపాన్‌లో పిహెచ్.డి. చేసి వేరే దేశంలో విభాగం నడుపుతున్నవారు తక్కువేమీ లేరు.

నా సలహా ఇది: నిధులు సమకూరితే వెళ్లండి, లేకపోతే ఈ ఏడాది ఆగి మళ్లీ ప్రయత్నించండి, ఆగిన ఏడాది కూడా సమాచారం సేకరిస్తూనే ఉండండి. రేపటి నుంచి దిద్దే ప్రతి వ్యాసానికీ నకలు తీసి ఉంచండి, అందుకు విద్యార్థి చేత, సంస్థ చేత రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి లేని సమాచారాన్ని తరువాత ఏ పత్రికా అచ్చువేయదు. విద్యార్థి ఎన్ని నెలలుగా నేర్చుకుంటున్నాడో, వాక్యంతో ఏమి చెప్పదలచుకున్నాడో అతని తెలుగు మాటల్లోనే పక్కన రాయండి. మూడు నెలలకు ఒకే రకం తప్పు ఇరవై చోట్ల కనిపిస్తే, దాని మీద రెండు పేజీలు జపనీస్‌లో రాయండి. ఒక మిత్రుడి చేత భాష దిద్దించుకోవచ్చు, వాదన మాత్రం మీదే కావాలి. ఆ రెండు పేజీలను జతచేసి, మీరు చదివిన వ్యాసాల రచయితల్లో ముగ్గురు ప్రొఫెసర్లకు విడివిడిగా, ఒక్కొక్కరి వ్యాసంలో మీకు కలిగిన సందేహాన్ని ప్రస్తావిస్తూ ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే మూడు వారాలు ఆగి మరొక్కసారి రాయవచ్చు, అది అక్కడ మర్యాద తప్పడం కాదు.